పుట్టబోయే బిడ్డ బట్టలకు ఎంత తీసిపెట్టాలి?

ప్రశ్న: నాకు ఇప్పుడు ఐదో నెల. అక్టోబరు మూడో వారంలో కాన్పు కావచ్చని డాక్టరుగారు చెప్పారు. మాది కావలి, పుట్టిల్లు సింగరాయకొండ. మొదటి కాన్పు కనుక సీమంతం చేసి నన్ను పుట్టింటికి తీసుకువెళ్తారు. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నారు. నెలకు 24 వేలు చేతికి వస్తాయి. ఇంటి అద్దె, చీటీ, నా వైద్య పరీక్షలు పోను మిగిలేది కొంచెమే. నా స్నేహితురాలు తన బిడ్డకు కొన్న వాటి జాబితా పంపింది, అందులో బట్టలకే 30 వేలు దాటింది. మా అత్తగారేమో బిడ్డ భూమ్మీద పడకముందు ఒక్క నూలుపోగు కూడా కొనకూడదంటున్నారు. ఆషాఢం తగ్గింపుల్లో అన్నీ ఒకేసారి కొనేస్తే కలిసివస్తుందని మావారి ఆలోచన. అసలు మొదటి ఏడాదికి ఎంత కావాలి? ఎప్పుడు ఏవి కొనాలి? ఏవి కొనకపోయినా గడుస్తుంది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు చెప్పిన ఆదాయంలో, మన ప్రాంతపు వాతావరణంలో, అక్టోబరులో పుట్టే బిడ్డకు మొదటి ఏడాది బట్టలకు 12 వేల రూపాయలు చాలు. ఇందులో డైపర్ల ఖర్చు లేదు. దాని గురించి ఈ వారమే మరొకరు అడిగారు కనుక కింద ఆ జవాబులో రాశాను. ఈ జూన్ నుంచి వచ్చే ఏడాది సెప్టెంబరు వరకు 16 నెలలున్నాయి. నెలకు 750 రూపాయల చొప్పున విడిగా తీసిపెడితే ఆ మొత్తం సమకూరుతుంది. అయితే ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ఇక్కడ ముఖ్యం. ఈ 12 వేలలో బిడ్డ పుట్టకముందు ఖర్చు పెట్టవలసింది 3 వేలకు మించకూడదు. మీ స్నేహితురాలి జాబితా 30 వేలకు చేరడానికి కారణం ఆమె ఖరీదైనవి కొనడం కాకపోవచ్చు. ఏడాది మొత్తానికి కావలసినవాటిని బిడ్డను చూడకముందే ఊహించి కొని, ఊహ తప్పిన ప్రతిసారీ మళ్లీ కొనడమే అందుకు కారణమై ఉంటుందని నా అనుమానం.

బిడ్డ ఎదిగే తీరు చూస్తే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర నుంచి మూడున్నర కిలోల బరువు ఉంటుంది. మొదటి వారంలో కాస్త బరువు తగ్గి, రెండో వారానికల్లా మళ్లీ పుంజుకుని, అక్కడి నుంచి ఆగకుండా పెరుగుతూ ఐదో నెల నాటికి పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాది నిండేసరికి మూడింతలు అవుతుంది. పొడవు కూడా ఏడాదికి 75 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. మనిషి జీవితంలో ఇంత వేగంగా బట్టలు పొట్టి అయిపోయే కాలం మరొకటి లేదు. జీరో సైజు జుబ్బా కొందరికి నెల రోజులు వస్తుంది, మూడున్నర కిలోలతో పుట్టిన బిడ్డకు పదిహేను రోజులు కూడా రాదు. డబ్బాల మీద, చీటీల మీద రాసే ‘0–3 నెలలు’, ‘3–6 నెలలు’ అన్న కొలతలు కూడా ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి కనుక, వయసును చూసి కాక బిడ్డ ఒంటి మీద ఉన్న జుబ్బాను దుకాణానికి తీసుకువెళ్లి దాని పక్కన పెట్టి చూసి కొనడమే నమ్మదగిన పద్ధతి.

ఇక మీ అత్తగారి మాట. పుట్టకముందు కొనకూడదన్న ఆచారం వెనుక పూర్వం పురిట్లోనే బిడ్డలు పోయిన రోజుల భయం ఉంది. ఆ భయాన్ని మీరిప్పుడు మోయనక్కరలేదు కానీ, ఆ మాటతో తగవు పెట్టుకోవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే డబ్బు లెక్కలో ఆమె మీ పక్షానే ఉన్నారు. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు, తెలుసుకోవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. బరువెంతో తెలియదు. బారసాలకు బంధువులు ఎన్ని జతలు తెస్తారో అంతకన్నా తెలియదు. ఇన్ని తెలియనప్పుడు కొనే ఫ్రాకు జూదమే. కాబట్టి బిడ్డ బట్టలంటూ కాకుండా, ఇంటికి కావలసిన గుడ్డగా కొన్ని మీటర్ల తెల్లని మల్లు గుడ్డ తెచ్చుకోండి. మీటర్లలో కొన్న గుడ్డను ఏ అత్తగారూ బిడ్డ బట్టగా లెక్కించరని నా అనుభవం.

ఆ గుడ్డ గురించే కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మొదటి మూడు నెలల బండి నడిపేది అదే. మీటరు వెడల్పున్న మల్లు గుడ్డను మీటరు పొడవు తీసుకుని, రెండు వైపులా సగానికి మడిచి కత్తిరిస్తే అరమీటరు చదరపు ముక్కలు నాలుగు వస్తాయి. ముక్కను మూలకు మూల కలిపి మడిస్తే ముక్కోణపు లంగోటీ సిద్ధం. ఎనిమిది మీటర్లకు 32 ముక్కలు. మీటరు 80 రూపాయల ధరకు 640, అంచులు మడిచి కుట్టినందుకు వీధిలోని టైలరుకు ముక్కకు ఐదు చొప్పున 160, మొత్తం 800 రూపాయలు. కుట్టు మిషను మీ పుట్టింట్లో ఉంటే అదీ మిగులుతుంది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, దానివల్ల తడి పీల్చదు. కత్తిరించకముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు ఉతికి ఆరేస్తే మెత్తబడుతుంది, కుంచించుకుపోవలసింది కూడా ముందే కుంచించుకుపోతుంది.

ముప్పై రెండు ఎందుకని మీరు అడగవచ్చు. ఏప్రిల్లో పుట్టే బిడ్డకైతే ఇరవై చాలునని చెప్పేదాన్ని. మీ బిడ్డ అక్టోబరులో పుడుతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది, సింగరాయకొండ వైపు తీరానికీ వాయుగుండాల బెడద ఆ నెలల్లోనే. పసిబిడ్డ రోజుకు పన్నెండు, పదిహేను గుడ్డలు తడుపుతుంది. ముసురు పట్టి రెండు రోజులు ఎండ రాకపోతే ఇరవై గుడ్డలూ దండెం మీదే ఉంటాయి, బిడ్డ కింద వేయడానికి ఒక్కటీ ఉండదు. సగం ఆరిన గుడ్డ కడితే తొడల మడతల్లో ఒరుసుకుని ఎర్రగా పొక్కుతుంది. అప్పుడు పెట్టే మందుల ఖర్చు గుడ్డల ఖర్చుకంటే ఎక్కువ. పుట్టింట్లో ఫ్యాను ఉన్న గదిలో ఒక దండెం కట్టించుకోండి, చివరి చెమ్మ పోయేలా ఇస్త్రీ పెట్టె వాడండి.

మిగిలిన 2,200 రూపాయలలో ముందు కట్టుకునే నూలు జుబ్బాలు ఎనిమిది, వాటిలో జీరో సైజు మూడు, ఆపై సైజు ఐదు. ఒక్కొక్కటి 80 రూపాయల లెక్కన 640. బనీను గుడ్డతో కుట్టిన కుళ్లాయిలు, కాళ్ల మేజోళ్లు మూడేసి జతలు, సుమారు 250. మెత్తటి తువ్వాళ్లు రెండు 350. తడి కిందికి దిగకుండా పరిచే షీట్లు రెండు 400. దోమతెర ఉన్న చిన్న పరుపు 500. మన జిల్లా దోమల సంగతి తెలిసిన ఎవరూ ఈ చివరిదాన్ని వృథా అనరు. ధరలు దుకాణాన్ని బట్టి ఇరవై ముప్పై రూపాయలు అటూ ఇటూ ఉంటాయి. జుబ్బా కొనేటప్పుడు తిరగేసి మెడ దగ్గర, చంక దగ్గర కుట్టు మీద వేలు పెట్టి చూడండి. గరుకుగా తగిలినా, చీటీ గుచ్చుకున్నా పక్కన పెట్టండి. మేజోడును కూడా లోపలి వైపు తిప్పి, వేలాడే దారాలుంటే కత్తిరించండి. లోపలి దారం బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే, మేజోడు తీసేదాకా ఎవరికీ తెలియదు, బిడ్డ మాత్రం గుక్కపెట్టి ఏడుస్తుంది. పిన్నీసులు, హుక్కులు, పూసలు ఉన్నవి ఎవరు ఇచ్చినా పసిబిడ్డకు వేయవద్దు.

పొత్తిగుడ్డలు, బొంతలు కొనవద్దు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు, తాతయ్య పాత పంచెలు వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి మడిచి పెడితే అంతకు మించిన పొత్తిళ్లు ఏ దుకాణంలోనూ దొరకవు. పుట్టిన బిడ్డకు పాత బట్టే వేయాలన్న పెద్దల మాటలో నాకు నచ్చేది ఇదే. అయితే పాతది అంటే మాసినది కాదు. పుట్టగానే బిడ్డ ఒళ్లు తుడిచి వెచ్చగా చుట్టడానికి శుభ్రమైన, పొడి గుడ్డలు కావాలి కనుక, ఆసుపత్రికి తీసుకువెళ్లే సంచిలో ఇస్త్రీ చేసిన పొత్తిళ్లు నాలుగు, కుళ్లాయి, మేజోళ్లు, జుబ్బాలు రెండు ఒక శుభ్రమైన దిండు గలేబులో చుట్టి ఎనిమిదో నెలలోనే సిద్ధం చేసుకోండి. చుట్టేటప్పుడు కాళ్లు చాపి బిగించి కట్టవద్దని మీ అమ్మగారికి కూడా చెప్పండి. బిడ్డ కాళ్లు కప్పలా మడిచి విప్పుకునే వీలుండాలి, లేకపోతే తుంటి కీళ్లకు మంచిది కాదు.

ఇంతటితో పుట్టకముందు ఖర్చు అయిపోయింది. బిడ్డ పుట్టాక డబ్బు సంచికి తాళం వేసినట్టుగా బారసాల దాకా ఏమీ కొనవద్దు. బారసాలకు వచ్చేవారిలో సగం మంది చేతిలో ఫ్రాకో, జతో ఉంటుంది, వాటిలో అధికం అప్పటికి సరిపోయే సైజే ఉంటుంది, సంక్రాంతి నాటికి పనికిరాదు. మీకు చనువున్న పిన్నులకు, వదినలకు మాత్రం ముందుగానే చెప్పవచ్చు: “తెస్తే వేసవికి పనికొచ్చే చేతుల్లేని నూలు జత, ఏడెనిమిది నెలల సైజుది తెండి” అని. ఇలా అడగడం తప్పేమీ కాదు. ఇచ్చేవారికీ తమ జత వృథా కాలేదన్న తృప్తి ఉంటుంది. వచ్చిన జతలను సైజుల వారీగా విడదీసి, చిన్నవి ముందు, పెద్దవి అడుగున పెట్టుకుని, ఒక కాగితం మీద ఎన్ని ఉన్నాయో రాసుకున్న తరువాతే రెండో విడత కొనుగోలు గురించి ఆలోచించండి.

ఆ రెండో విడత సంక్రాంతి తరువాత వస్తుంది. ఒక 1,200 అనుకోండి. బారసాలలో వచ్చినవి బాగుంటే అందులో సగం మిగులుతుంది. మన తీర ప్రాంతంలో చలి తక్కువే కనుక ఉన్ని స్వెటరు ఒకటి చాలు, అదీ ఎవరైనా అల్లి ఇస్తే ఇంకా మంచిది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పొడుగు చేతుల నూలు జుబ్బా, పైన ఒక దుప్పటి సరిపోతాయి. పెద్దలకు ఎంత బట్ట అవసరమో బిడ్డకు దానికంటే ఒక్క పొర ఎక్కువ ఉంటే చాలునని వైద్యులు చెప్పే లెక్కనే గుర్తుపెట్టుకోండి. చమట పట్టేలా కుళ్లాయి పెట్టి పడుకోబెట్టడం బిడ్డకు క్షేమం కాదు. మూడో విడత ఏప్రిల్ మొదట్లో. అప్పటికి బిడ్డ ఆరో నెలకు వస్తుంది, బోర్లపడి బొబ్బట్లు పంచి ఉంటారు, కూర్చోవడానికి ప్రయత్నిస్తూ ఉంటుంది. రోహిణీ కార్తెలో 40 డిగ్రీలు దాటే ఎండలకు చేతుల్లేని పలుచటి నూలు జతలు ఎనిమిది ఉండాలి. రోజుకు మూడు మార్చవలసి వస్తుంది కనుక ఈ ఒక్క విడతలో లెక్క తగ్గించవద్దు. ఇది మరో 1,200. ఆఖరి విడత జులై, ఆగస్టులలో. పాకే బిడ్డకు మోకాళ్ల దగ్గర అరగని ప్యాంట్లు, నడక మొదలుపెట్టి అడుగులకు అరిసెలు పంచేనాటికి మెత్తటి అడుగున్న చెప్పులు ఒక జత, అన్నీ కలిపి 1,500. ఇంట్లో వట్టి కాళ్లతో నడవడమే మేలు కనుక చెప్పుల మీద ఎక్కువ పెట్టకండి.

ఈ నాలుగు విడతలకూ కలిపి దాదాపు 7 వేలు అవుతాయి. బారసాల, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజుల కోసం 3,500 వేరుగా పెట్టండి. మిగిలిన 1,500 దేనికీ రాయకుండా ఉంచండి. వాన ఎక్కువై గుడ్డలు చాలకపోవడం, బిడ్డ అనుకున్నదానికంటే త్వరగా ఎదగడం, ఆసుపత్రిలో రెండు రోజులు ఎక్కువ ఉండవలసి రావడం వంటివి చెప్పి రావు.

మీవారి ఆలోచన అన్నారు కదా, ఆషాఢం తగ్గింపుల మాట అంతా కొట్టివేయను. సైజు లేనివి, అంటే తువ్వాళ్లు, మల్లు గుడ్డ, షీట్లు, మీకు బిడ్డకు పాలివ్వడానికి వీలుగా ముందు జిప్పు ఉన్న నైటీలు రెండు, ఆషాఢంలో కొనండి. సైజు ఉన్నదేదీ కొనవద్దు. 299 రూపాయలకు తగ్గించిన ఫ్రాకును బిడ్డ ఒక్కసారి వేసుకుంటే ఆ ఒక్కపూటకు 299 పడినట్టే. 120 రూపాయల జుబ్బాను ముప్పైసార్లు వేస్తే పూటకు 4 రూపాయలు పడుతుంది. చిన్న బిడ్డల బట్టల్లో తగ్గింపు ధర చూసే చూపు ఇలా ఉండాలి.

ఇంకొక మాట. మొదటి బిడ్డకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులైన తల్లులకు రెండు విడతల్లో 5 వేల రూపాయలు వస్తాయి. గర్భం నమోదై పరీక్ష చేయించుకున్నాక 3 వేలు, బిడ్డ పుట్టుక నమోదై మొదటి టీకాలు పూర్తయ్యాక 2 వేలు. రేషను కార్డు వంటి అర్హతల సంగతి మీ అంగన్‌వాడీ కార్యకర్త చెబుతారు, ఆలస్యం చేయకుండా ఈ నెలలోనే వెళ్లి కలవండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయితే బిడ్డ కిట్టు ఇస్తున్నదీ లేనిదీ ఆశా కార్యకర్తను అడిగి, ఇస్తుంటే అందులో ఏమేమి ఉంటాయో తెలుసుకున్నాకే తువ్వాళ్లు, దోమతెర కొనండి. కానీ ఆ 5 వేలను ఈ 12 వేలలో ముందే కలిపి లెక్క వేసుకోవద్దు. ఖాతాలో పడ్డ తరువాత కలుపుకుందాం.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం, నెల్లూరులో అపార్టుమెంటులో ఉంటాం. బిడ్డకు రెండో నెల. డైపర్లకే నెలకు రెండు వేలు అవుతోంది. గుడ్డలే వాడమని మా అమ్మ అంటుంది, కానీ ఉతకడానికి మనిషి లేదు, ఆరేయడానికి బాల్కనీ తప్ప చోటు లేదు. బట్టల ఖర్చు తగ్గించుకుని డైపర్లకు సర్దుకోవడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: బట్టల ఖర్చులో తగ్గించడానికి పెద్దగా ఏమీ ఉండదమ్మా, ఎందుకంటే ఆ ఖర్చే చిన్నది. రోజుకు ఆరేడు డైపర్లు, ఒక్కొక్కటి సుమారు 10 రూపాయలు అనుకుంటే నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు. బిడ్డ ఎదిగాక లెక్క తగ్గి రోజుకు నాలుగైదు చాలుతాయన్నది నిజమే కానీ, పెద్ద సైజు డైపరు ధర కూడా పెరుగుతుంది కనుక నెల ఖర్చు మీరు ఆశించినంత తగ్గదు. ఏడాది మొత్తం బట్టలకు పెట్టేదానికి ఇది రెట్టింపు. బిడ్డ బట్టల బడ్జెట్‌లో అసలు చూడవలసిన చోటు ఇదే.

పూర్తిగా మానమని నేను చెప్పను. రాత్రికి ఒకటి, బయటికి వెళ్లేటప్పుడు లేదా ముసురు రోజున ఒకటి, ఇలా రోజుకు రెండు వాడితే నెలకు 600. పగలు ఇంట్లో మల్లు గుడ్డలు, వాటితోపాటు ఉతికి వాడుకునే గుడ్డ డైపర్లు ఒక ఆరు. ఒక్కొక్కటి 400 చొప్పున 2,400 అవుతుంది, అది రెండో నెల తిరగకముందే రాబట్టుకుంటారు. మీ సంస్థలో పదిమందికి తక్కువ కాకుండా ఉంటే, మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం ప్రకారం మీ హక్కు. సెలవులో ఉన్న ఆ నెలల్లోనే గుడ్డలు వాడుకుని, ఉద్యోగంలో చేరాక పగలు డైపర్లు పెంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

ఉతకడం అనుకున్నంత బరువు కాదు. విరోచనం అయిన గుడ్డను అప్పుడే జాడించి, తక్కినవి ఒక మూత ఉన్న బకెట్టులో వేసి రోజుకు ఒకసారి మిషనులో వేయండి. సబ్బు పూర్తిగా పోయేలా ఒక జాడింపు అదనంగా పెట్టండి. బట్టలకు సువాసన ఇచ్చే కండిషనరు వీటికి వాడవద్దు, దాంతో గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది. బాల్కనీలో రెండు గంటలు నిలువుగా ఎండ తగిలినా మల్లు గుడ్డ ఆరిపోతుంది. మందపాటి గుడ్డ డైపర్లను మాత్రం రాత్రి ఫ్యాను కింద వేయవలసి వస్తుంది.

కొనే డైపర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. ప్యాకెట్టు మీద నెలలు కాదు, బరువు చూడండి, చిన్న సైజువి పెద్ద ప్యాకెట్లు నిల్వ చేయవద్దు. టీకాకు తీసుకువెళ్లినప్పుడు తూచిన బరువు రాసి పెట్టుకుంటే ఎప్పుడు పై సైజుకు మారాలో తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి బిడ్డల డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర ముద్రించిన సరుకును ఎవరైనా అదే ధరకు అంటగడితే అడగండి. ఆదా పేరుతో ఒకే డైపరును పూటంతా ఉంచడం మాత్రం వద్దు. మూడు నాలుగు గంటలకు ఒకసారి, విరోచనం అయితే వెంటనే మార్చవలసిందే.

ప్రశ్న: మా పెద్ద మనవడి బట్టలు నాలుగేళ్లుగా ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి భద్రంగా దాచాను. ఒక్కటీ చిరగలేదు. రెండో కూతురికి వచ్చే నెల కాన్పు. కొత్తవి ఎందుకు, ఇవి వాడుకోమంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదు. పైగా బారసాలకు పట్టు గౌను కొనాలని నాకు ముచ్చటగా ఉంది. ఏమి చేయమంటారు?
– ఒక అమ్మమ్మ, ఒంగోలు

జవాబు: అమ్మా, ఒకరి బట్టలు ఒకరికి వాడటం మన ఇళ్లలో మంచి అలవాటే, మీ పొదుపును తప్పుపట్టను. కానీ ఈ విషయంలో మీ అమ్మాయి కారణం ఏదైనా ఆమె మాటే నెగ్గాలి. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ బట్టలకు పట్టి, వాటి నుంచి పసిబిడ్డ ఒంట్లోకి చేరుతుంది. కొందరు బిడ్డలకు, ముఖ్యంగా మగబిడ్డలకు, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉంటుంది. ఆ లోపం పైకి కనిపించదు, తల్లిదండ్రులకూ తెలియదు. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ తగిలితే రక్తంలోని ఎర్రకణాలు చితికి, కామెర్లు తీవ్రంగా వస్తాయి. ఉతికితే వాసన తగ్గుతుందే కానీ పూర్తిగా పోయిందని చెప్పలేం. కనుక మొదటి నెలల్లో ఆ పెట్టెలోని జుబ్బా, దుప్పటి, కుళ్లాయి ఏదీ బిడ్డకు తాకనివ్వవద్దు. బిడ్డ పడుకునే గదిలో ఆ పెట్టె తెరవనూ వద్దు. ఏడాది సైజువి ఉంటే ఇప్పుడే బయటికి తీసి, పదే పదే ఉతికి, వాసన ఆనవాలు లేకుండా పోయేదాకా ఎండలో వేసి, వాడే ముందు పిల్లల డాక్టరును ఒక మాట అడగండి. ఇకమీదట దాచవలసినవాటిని ఎండబెట్టి, ఎండు వేపాకు వేసి గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

మీ దగ్గర కలరా ఉండలు తగలని పాత వెంకటగిరి నూలు చీర ఉందా? సన్నని నూలుతో నేసిన ఆ చీర పదేళ్లు కట్టాక ఎంత మెత్తబడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. జరీ అంచు, జరీ బుటాలున్న మేర కత్తిరించి తీసేసి, మిగిలినదానితో రెండు పొరల పొత్తిళ్లు ఆరు, నాలుగు జుబ్బాలు కుట్టించండి. ఒక చీర ఉయ్యాలకు ఉంచండి. ఇవి మీ అమ్మాయి కాదనదు.

పట్టు గౌను ముచ్చట తీర్చుకోండి, కానీ బారసాలకు కాదు. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బిడ్డ గంటసేపు ఉయ్యాలలో ఉంటుంది, నిద్రపోతూనే ఉంటుంది. జరీ మెడకు ఒరుసుకుంటే ఆ గంట కూడా నిద్రపోదు. ఆ రోజుకు పసుపు రంగు నూలు జుబ్బా వేసి, పట్టు గుడ్డను ఉయ్యాల చుట్టూ అలంకరించండి. బిడ్డ కూర్చుని నలుగురి ముందు నవ్వే అన్నప్రాశన నాటికి, లోపల మెత్తటి నూలు అస్తరు వేయించి, రెండు వైపులా మడతలు వదిలి కుట్టించండి. ఆ మడతలు విప్పితే అదే గౌను మొదటి పుట్టినరోజుకూ వస్తుంది. కొలతలు బిడ్డకు ఐదో నెల నిండాకే టైలరుకు ఇవ్వండి.